ఫీజుల కమిటీ ఛైర్మన్ గారికి ఒక తండ్రి బహిరంగ లేఖ

తెలంగాణ ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ ఛైర్మన్ గారికి,

నమస్కారం. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో మా అమ్మాయికి వచ్చిన ర్యాంకుకు పేరున్న కాలేజీలో కన్వీనర్ కోటా కింద, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, కంప్యూటర్ సైన్స్ సీటు రాదు. మిగిలింది కాలేజీ యాజమాన్యమే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా. ఉన్న ఎకరం అమ్మాలా వద్దా అని ఇంట్లో రోజూ టెన్షనే.

ఒక కాలేజీకి వెళ్లి అడిగాం. కౌంటర్‌లో ఆయన నోటితో ఏమీ చెప్పకుండా చిత్తుకాగితం మీద రెండు అంకెలు వేశారు. పైదానికి రసీదు ఇస్తారట, కిందదానికి ఇవ్వరట. మేం చూడగానే మడిచి జేబులో పెట్టుకున్నారు. సీటు కోసం అసలు ఫీజుకు మించి గుంజే ఇలాంటి క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లోనే చట్టం వచ్చింది కదండీ!

గోడ మీద మాత్రం పెద్ద ప్యాకేజీ కొట్టిన ఒక్క విద్యార్థి ఫొటో. మిగతావాళ్ల సంగతి అడిగితే జవాబు లేదు. మాకు కావాల్సింది మధ్యస్థంగా చదివే పిల్లల జీతం ఎంతన్నదే. చదువు కోసం చేసిన అప్పు తీర్చాల్సింది ఆ జీతంతోనే కదా. పూచీకత్తు లేని విద్యారుణం సాధారణంగా 7.5 లక్షల వరకే ఇస్తారు, ఆపైన ఆస్తి తాకట్టే.

మంచి కాలేజీకి విలువ లేదని నేననను. చదివే తోటివాళ్లు, క్యాంపస్‌కొచ్చే కంపెనీలు పిల్లల్ని నిలబెడతాయి. కానీ పక్క బెంచీలో కన్వీనర్ సీటు పిల్లాడు వినేదీ అదే పాఠం. మరి ఆ రెండో అంకె దేనికి?

కాలేజీల జమాఖర్చులు చూసి ఫీజు సిఫార్సు చేసేది మీరు, దాని మీద ఉత్తర్వు ఇచ్చేది ప్రభుత్వం. అదే ఉత్తర్వులో బ్రాంచీలవారీగా ఎందరికి ఉద్యోగాలొచ్చాయో, మధ్యస్థ జీతమెంతో (సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే జీతం) కూడా కౌన్సెలింగ్‌కు ముందే ప్రకటించేలా చూడండి. రసీదు లేని వసూళ్లపై పిల్లల పేరు బయటపడకుండా ఫిర్యాదు చేసే వీలు కల్పించండి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి