చెరిగిపోయిన చిరునామా: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను తాగుడు మానిన మనిషిని. మాని నాలుగేళ్లు దాటింది. అంతకు ముందటి ఒక సాయంత్రం సంగతి మీకు చెప్పాలని రాస్తున్నాను.

తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపించేటప్పుడు చేతికి డిశ్చార్జి చీటీ ఇచ్చారు. ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలో అందులో వివరంగా ఉంది. అడుగున ‘మద్యం మానవలెను’ అని ఒక్క ముక్క. ఎవరి తోడుతో మానాలో లేదు. నేనే అడిగితే, కౌంటర్ దగ్గరున్నాయన చిత్తుకాగితం మీద ఒక చిరునామా రాసిచ్చి, అక్కడ ఏడింటికి ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగు, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చునే సమావేశం, ఉంటుందన్నారు. మంచి మనసుతోనే ఇచ్చారు.

ఆరున్నరకే వెళ్లాను. గదికి తాళం. తలుపుకు అంటించిన కాగితం వానకు తడిసి, సిరా కారి, చివరన ‘కు మార్చడమైనది’ అన్నది మాత్రం మిగిలింది. ఎక్కడికో చెప్పే మాటే చెరిగిపోయింది. కాపలాదారును ఏమని అడగను? తాగుబోతుల మీటింగు ఎక్కడండీ అనా? ‘ఇక్కడేదో సమావేశం...’ అని నసిగాను. నా చేతుల వణుకు చూసే కాబోలు, ‘వాళ్లు ఖాళీ చేసి ఆరు నెలలైంది’ అన్నాడు మెల్లగా. ఆ రాత్రి తాగాను. తప్పు తాళానిది కాదు, తాగింది నేనే. కానీ మళ్లీ అలాంటి గది ఒకటి వెతుక్కుని, వెనక వరుసలో కుర్చీ లాక్కుని కూర్చునే సరికి పదకొండు నెలలు పట్టింది.

మానాలన్న బుద్ధి తాగేవాడికి రోజూ పుట్టదు మంత్రి గారూ. పుట్టిన పూటే ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి. తెల్లారితే వాడు వేరే మనిషి.

ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టుకే ఇలాంటి వెతుకులాటలోంచి వచ్చింది. 1935 మే నెలలో, మానేసి అయిదు నెలలైన బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి అమెరికాలోని ఏక్రన్‌కు పని మీద వెళ్లాడు. పని చెడింది. హోటల్లో ఒక పక్క బారు సందడి, మరో పక్క ఫోను. అతను ఫోను దగ్గరికి నడిచి, చర్చిల వాళ్లకు వరసగా ఫోన్లు చేశాడు. అడిగింది వైద్యుణ్ణి కాదు, తనలాంటి మరో తాగుబోతును. అలా దొరికినవాడు బాబ్ స్మిత్. ఆయన వృత్తికి సర్జనే అయినా, విల్సన్‌కు కావలసింది ఆ సర్జను కాదు. పావుగంటకు మించి కూర్చోనని వచ్చిన ఆ డాక్టరు రాత్రి పొద్దుపోయే దాకా లేవలేదు. మూడో సభ్యుడు వాళ్లకు ఆసుపత్రి మంచం మీదే దొరికాడు. అక్కడి నర్సును ఫోనులో అడిగితే ఆమే చెప్పింది. ఆ నర్సు చేసిన పనినే నేను మీ శాఖను చేయమంటున్నాను.

డబ్బు అడగడం లేదు. మీరు ఇచ్చినా ఈ బృందం పుచ్చుకోదు, బయటివాళ్ల విరాళాలు తీసుకోకూడదన్నది వాళ్ల నియమం. సభ్యత్వ రుసుము లేదు, మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. గది అద్దె కూడా సభ్యులే తలా కొంత వేసి కడతారు. అందుకే ఆసుపత్రుల్లో సాయంత్రాలు ఖాళీగా ఉండే గదులు వాళ్లకు అద్దెకివ్వండి. దయచేసి ప్రారంభోత్సవం మాత్రం పెట్టకండి. పేరు బయటపడదన్న నమ్మకంతో వచ్చేవాడు గుమ్మంలో కెమెరా కనిపిస్తే అటునుంచి అటే పోతాడు.

అసలు పని గదికన్నా చిన్నది. మీటింగు ఎక్కడ, ఏ రోజు, ఎన్నింటికి అన్న వివరాలు ప్రతి ఆసుపత్రిలోనూ ఉండాలి. నెలకోసారి ఎవరో ఒకరు ఫోను చేసి అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరన్నది మీరు ఉత్తర్వులో రాయకపోతే, ఆ పని ఎవరూ చేయరు. డిశ్చార్జి చీటీలో మాత్రల కింద ఆ చిరునామా అచ్చు వేయించండి. రోగి ఒప్పుకుంటే వార్డు నుంచే ఫోను చేయించండి, పాత సభ్యుడొకరు మంచం దగ్గరికి వస్తాడు. 2020లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10,565 మందిని కలిపి చూసి మెచ్చుకున్నది కూడా ఇలాంటి పద్ధతినే. వైద్యులు రోగిని పట్టుబట్టి మీటింగుల దారి పట్టించినచోట, పూర్తిగా మానినవాళ్లు మిగతా చికిత్సల్లోకన్నా ఎక్కువగా తేలారు.

మా మీటింగుల్లో వచ్చే దేవుడి ప్రస్తావన పొసగనివాళ్లకు 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ అనే బృందం ఉంది. తాగేవాళ్ల భార్యాబిడ్డల కోసం 1951 నుంచి ఆల్-అనాన్ అనే బృందం ఉంది. వాటినీ జాబితాలో చేర్చండి. మా ఆవిడకు ఆ పేరు ఒకటుందని తెలిసే సరికి నేనే మానేశాను!

మీటింగు ఉంది కదా అని వైద్యం తగ్గించకండి. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవాడు ఉన్నట్టుండి మానితే ఫిట్సు రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మొదటి రోజులు డాక్టరువి, తర్వాతి సాయంత్రాలు మావి.

అన్నట్టు, నాకు తాళం కనిపించిన ఆ బృందం దొరికింది. రెండు వీధుల అవతలికే మారింది. ఇప్పుడు తలుపు మీద చిరునామా రాసే పని నాదే. పెయింటుతో రాస్తున్నాను.

ఇట్లు,
పేరు రాయకూడని ఒక సభ్యుడు