శుభాకాంక్షలకు ఇదా జవాబు?

సంపాదకులకు నమస్కారం.

జనవరి 1న పొద్దున్నే ఎవరో పెద్దాయన వాట్సాప్ గ్రూపులో ‘అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు’ అని పెడతారు, వెంటనే ఇంకొకరు కింద ‘ఇది మన కొత్త సంవత్సరం కాదు’ అంటూ ఎర్ర అక్షరాల పోస్టర్ అతికిస్తారు, అక్కడి నుంచి వాదన మధ్యాహ్నం దాకా సాగి చివరికి ఇద్దరు అలిగి గ్రూపులోంచి వెళ్లిపోతారు. ఏటా ఇదే తంతు. ఎన్నాళ్లుగానో మాట్లాడని బంధువుకు ఫోన్ చేయడానికి, పాత అలకలు పక్కన పెట్టడానికి దొరికే రోజును కొట్లాటకు వాడుకోవడం చూస్తే బాధేస్తోంది.

భూమి తిరిగే దారిలో ‘ఏడాది ఇక్కడ మొదలు’ అని గీత ఏమీ లేదు. గీసుకున్నది మనుషులే, అదీ ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లు. రోమ్‌లో క్రీ.పూ. 153 నుంచి కాన్సుల్స్ (ఏటా ఎన్నికయ్యే అత్యున్నత అధికారులు) జనవరి 1న పదవిలోకి వచ్చేవారు, అంటే ఈ తేదీ క్రైస్తవం పుట్టకముందుది. ఇక ఇంగ్లండ్‌లో 1751 దాకా చట్టం ప్రకారం ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1752 నుంచి జనవరి 1కి మార్చడంతో అక్కడ 1751వ సంవత్సరం 282 రోజులకే ముగిసిపోయింది! ఇంగ్లిష్‌వాళ్లదని మనం తిట్టుకునే తేదీ ఒకప్పుడు వాళ్లకీ కొత్తే.

అలాగని మిగతా లెక్కలు తక్కువేం కాదు, నిజానికి నాకు అవే ఎక్కువ ఇష్టం. ఇరాన్ వాళ్ల కొత్త సంవత్సరం నౌరోజ్ చూడండి, వసంతంలో సూర్యుడు భూమధ్యరేఖను దాటే క్షణాన్ని లెక్కగట్టి, అది అర్ధరాత్రయినా సరే, ఇంటిల్లిపాదీ మేలుకుని ఎదురుచూస్తారు. ముస్లింల హిజ్రీ సంవత్సరం పూర్తిగా చంద్రుడిదే కాబట్టి ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తూ అన్ని కాలాలనూ చుట్టి వస్తుంది. చైత్రంతో మొదలయ్యే మన చాంద్రమానమేమో అధిక మాసం కలుపుకుని ఋతువులతో జత తప్పకుండా నడుస్తుంది. ఇథియోపియా వాళ్లకు కొత్త ఏడాది సెప్టెంబర్‌లో. ఎంత తెలివైన లెక్కలండీ ఇవి! ఒకదాన్ని పొగడాలంటే ఇంకోదాన్ని తిట్టాల్సిన పనేముంది?

మీకో విన్నపం. జనవరి 1 సంచికలో రాశిఫలాలకు బోలెడు చోటు ఇస్తారు కదా, అందులో అరపేజీ తగ్గించి ఏ కొత్త సంవత్సరం ఎప్పుడొస్తుందో, దాన్ని ఎలా లెక్కగడతారో బొమ్మలతో పిల్లలకు అర్థమయ్యేలా వేయండి. ఉగాదికి మళ్లీ వేసినా సంతోషమే.

ఇట్లు,
ఒక పాఠకురాలు