సాయంత్రం ఆరింటికి డే కేర్‌లో ఆయమ్మలు ఎంతమంది?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో మియాపూర్, నిజాంపేట, కొండాపూర్ వైపు ఇప్పుడు గల్లీకో డే కేర్ కనిపిస్తోంది. ఏసీ గదులు, సీసీ కెమెరాలు, ఇంటి భోజనం అని బోర్డుల మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. ఎంతమంది పిల్లలను ఎంతమంది చూసుకుంటున్నారో మాత్రం ఏ బోర్డు మీదా ఉండదు. ఉద్యోగాలకు వెళ్లే మాలాంటి తల్లిదండ్రులకు కావలసింది ఆ లెక్కే. దాన్ని మీ పత్రిక ద్వారా ప్రభుత్వం దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పాపకు ఏడాదిన్నర. చేర్పించిన రోజు "మా దగ్గర ఐదుగురికి ఒకరు మేడమ్, టెన్షన్ పడకండి" అన్నారు. ఆ లెక్క ఎలా వచ్చిందో కొన్నాళ్లకు గానీ తెలియలేదు. మొత్తం పిల్లల సంఖ్యను మొత్తం జీతగాళ్ల సంఖ్యతో భాగించారంతే. ఆ జీతగాళ్లలో రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి ఉంది, వంటావిడ ఉంది, వ్యాన్ డ్రైవర్ కూడా ఉన్నాడు. చిన్నపిల్లల గదిలో ఎత్తుకునేదీ, కడిగేదీ, తినిపించేదీ ఇద్దరు ఆయమ్మలే. వాళ్లూ అన్నం తినాలి, బాత్రూముకు వెళ్లాలి. ఒకరు సెలవు పెడితే ఆ రోజుకు మిగిలేది ఒక్కరే.

సాయంత్రం సంగతి మరీ దారుణం. ఐదున్నర దాటగానే ఒక ఆయమ్మ ఇంటికి వెళ్లిపోతుంది. అన్ని వయసుల పిల్లలనూ ఒకే గదిలోకి చేరుస్తారు. నేను ఆడిటర్ గారి ఆఫీసులో పని చేస్తాను. సెప్టెంబరులో పని ఎక్కువై ఒకరోజు ఆలస్యంగా వెళ్లాను. ఆయమ్మ చంకలో ఒక బాబు ఉన్నాడు, రెండో చేత్తో ఇంకో పసిదానికి పాలసీసా పట్టుకుని ఉంది. చుట్టూ మరో పది మంది. మా పాప చెప్పుల స్టాండు దగ్గర కూర్చుని ఎవరిదో చెప్పు నోట్లో పెట్టుకుంది. ఆయమ్మను ఒక మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఉన్న రెండు చేతులూ ఖాళీ లేని మనిషిని ఏమంటాం?

తలుపు పక్కన వేలాడే డైపర్ రిజిస్టర్ కూడా ఆ రోజే తిరగేశాను. పిల్లలందరికీ పది, పన్నెండు, రెండు, నాలుగు. ప్రతి పేజీలో అవే గంటలు, ఒకే పెన్ను, ఒకే చేతిరాత. పసిపిల్లలు గడియారం చూసి తడుపుకుంటారా? సాయంత్రం తీరిక దొరికినప్పుడు ఒకేసారి నింపేసిన రిజిస్టర్ అది. కెమెరా ఉంది కదా అంటారు నిర్వాహకులు. పాప ఏడుస్తోందని ఫోన్‌లో చూడగలను, ఎత్తుకోలేను కదా.

ఇక చట్టం ఏమంటోందో చూద్దాం. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. మంచిదే. అంటే బిడ్డకు ఆరు నెలలు నిండే సరికి తల్లి ఆఫీసులో ఉండాలి. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్, అంటే ఉద్యోగుల పసిపిల్లలను చూసుకునే కేంద్రం, ఏర్పాటు చేయాలని కూడా అదే సవరణలో ఉంది. మా ఆఫీసులో ఉన్నది పద్నాలుగు మందిమి. షాపుల్లో, క్లినిక్‌లలో, చిన్న స్కూళ్లలో పని చేసే ఆడవాళ్ల పరిస్థితీ ఇదే. మా అందరికీ దిక్కు వీధి చివరి డే కేరే.

ఆ డే కేర్ పెట్టడానికి ఎవరి అనుమతి కావాలని అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో జవాబు. ఒకరు మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు చూపించారు. ఇంకొకరు ఇదెందుకు అడుగుతున్నారన్నట్టు నా మొహం చూశారు. ప్లే స్కూళ్లకు 2017లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక కేర్‌గివర్ ఉండాలంటాయి. కానీ అవి మూడేళ్లు దాటిన పిల్లల కోసం. మూడేళ్ల లోపు వాళ్లకు పది మందికి ఒకరు ఉండాలని 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం చెప్పింది. విధానం వేరు, తనిఖీకి వచ్చే అధికారి వేరు. మేం పాపను చేర్చినప్పటి నుంచీ అక్కడికి ఏ అధికారీ రాగా మేం వినలేదు.

నన్నడిగితే పది మందికి ఒకరు అన్నదే పసిపిల్లల విషయంలో చాలా తక్కువ. ఈ డే కేర్లలో చాలా వరకు అపార్ట్‌మెంట్లలోనే, రెండో అంతస్తులోనో మూడో అంతస్తులోనో ఉంటాయి. షార్ట్ సర్క్యూటై పొగ వస్తే, ఇంకా నడక రాని పిల్లలను ఒక మనిషి ఎంతమందిని ఎత్తుకుని మెట్లు దిగగలదు? మహా అయితే ఇద్దరిని. మా ఆడపడుచు వాళ్లుండే ఇంగ్లండ్‌లో రెండేళ్ల లోపు పిల్లలు ముగ్గురికి ఒకరు ఉండాలని నిబంధన. రెండేళ్ల వాళ్లకు నలుగురికి ఒకరుగా ఉన్నదాన్ని 2023లో ఐదుగురికి ఒకరుగా సడలిస్తేనే అక్కడి తల్లిదండ్రులు గొడవ చేశారు. అక్కడి ఖర్చులు, అక్కడి ఫీజులు వేరని నాకూ తెలుసు. ముగ్గురికి ఒకరు కావాలని ఇక్కడ అడగడం లేదు. పది మందికి ఇద్దరైనా ఉండాలంటున్నాను.

ఫీజులు పెరిగిపోతాయని నిర్వాహకులు అంటారు. అద్దెలు, కరెంటు బిల్లులు నిజమే. కానీ మా ఆయమ్మ జీతం 14 వేలని ఆవిడే చెప్పింది. ఇంకొక ఆయమ్మను పెట్టి ఆ జీతాన్ని పది మంది పిల్లల మీద పంచితే ఒక్కొక్కరికి నెలకు 1,400 రూపాయలు. మేం కట్టే 12 వేలకు అది కలిపితే బరువే, కాదనను. అయినా మా అపార్ట్‌మెంట్‌లో అడిగిన తల్లులు చాలామంది కడతామనే అన్నారు. అయితే ఆ డబ్బు ఆయమ్మకే పోతుందన్న నమ్మకం కావాలి. 14 వేల జీతానికి పది గంటలు పని చేసే మనిషి ఇంకో చోట వెయ్యి ఎక్కువ ఇస్తామంటే వెళ్లిపోతుంది. పాప ఒక మొహానికి అలవాటు పడే లోపు ఇంకో మొహం వస్తుంది.

అమ్మమ్మనో నానమ్మనో తెచ్చుకోవచ్చు కదా అని సలహా ఇచ్చేవాళ్లకు ఒక మాట. మా అమ్మ ఇప్పటికీ మా ఊళ్లో కూలి పనికి వెళ్తోంది. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఎవరూ సరదాకి డే కేర్ వెతుక్కోరు.

మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖను మేం కోరేది పెద్దదేమీ కాదు. మూడేళ్ల లోపు పిల్లలను ఉంచుకునే ప్రతి కేంద్రమూ రిజిస్టర్ చేసుకోవాలని నిబంధన పెట్టాలి. ప్రతి గది తలుపు మీద ఆ గంటకు లోపలున్న పిల్లల సంఖ్య, వాళ్లను చూసుకునే వాళ్ల సంఖ్య రాసి పెట్టించాలి. వంటావిడను, డ్రైవర్‌ను అందులో కలపకూడదు. తనిఖీకి వచ్చే అధికారులు ఉదయం పదకొండింటికి కాక సాయంత్రం ఆరింటికి రావాలి. కొత్త అడ్మిషన్లు జూన్‌లో మొదలవుతాయి. కనీసం ఆ బోర్డు సంగతైనా ఈ లోపు తేల్చాలని మనవి.

ఇట్లు,
ఒక ఉద్యోగిని, నిజాంపేట, హైదరాబాద్