అమ్మకు, కువైట్ నుంచి

అమ్మకు నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నాన్నగారి లివర్ జబ్బు సంగతి ఫోన్‌లో చెబితే ఆయన పక్కనే ఉండి వింటారని ఉత్తరం రాస్తున్నాను. పనులయ్యాక కూర్చుని నిదానంగా చదువు.

మొన్న వీడియోకాల్‌లో నువ్వు ఫోన్ అరుగు మీద పెట్టి లోపలికెళ్లావు చూడు, అప్పుడు నాన్నగారు పడకకుర్చీలోంచి లేవబోయారు. రెండు చేతులూ ఆన్చి లేచి, కూలబడ్డారు. మళ్లీ లేచి, మళ్లీ కూలబడ్డారు. మూడోసారికి స్తంభం పట్టుకుని నిలబడ్డారు. చేతి వాచీ మోచేతి దాకా జారిపోయింది. బిగుతుగా ఉందని ఆ గొలుసుకి ఒక లింకు కలిపించింది మనమే కదమ్మా! నేను చూస్తున్నానని ఆయనకి తెలీదు. ఆ రాత్రి డ్యూటీలో ఎవరికి సెలైన్ పెడుతున్నా నాకు ఆ చెయ్యే కనిపించింది.

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభ మోసిన భుజం అది. కొబ్బరి దింపు రోజున గునపం దగ్గర నిలబడితే కాయల గుట్ట ఒలిచేదాకా కదిలేవారు కాదు. ఈ ఏడు తీర్థానికి వెళ్లలేదేమంటే జనం ఎక్కువన్నారు. జనం కాదమ్మా, కాళ్లు ఆనడం లేదు. లాకుల దగ్గర టీకొట్టుకి వెళ్లడం మానేసిందీ అందుకే. మందు తాగని మనిషికి లివర్ జబ్బేమిటని అడిగేవాళ్ల నోళ్లకి భయపడి కూడా కావచ్చు. కొవ్వు పట్టినా లివర్ గట్టిపడుతుందని, చుక్క ముట్టనివాళ్లకీ వస్తుందని నువ్వే గట్టిగా చెప్పు.

బరువు తగ్గలేదు, 64 కిలోలే ఉన్నారని సంతోషపడుతున్నావు. ఆ తూకాన్ని నమ్మొద్దు. పొట్టలో, కాళ్లలో చేరిన నీరు కూడా అందులో ఉంది. కండ కరుగుతుంటే ఆ లోటు నీరు పూడుస్తోంది, ముల్లు మాత్రం కదలదు. మా వార్డులో ఇలాంటి వాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆన్చకుండా ఐదుసార్లు లేచి కూర్చోమని టైం చూస్తాం. చేతి పట్టు కొలిచే మిషనూ ఉంది. తూకం చెప్పని సంగతి అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు నీ పత్యం గురించి రాయాలి. కోప్పడకు. నువ్వు ప్రాణం పెట్టి చేస్తున్నావని నాకు తెలుసు. పప్పు మానిపించావు, గుడ్డు మానిపించావు, చారన్నం, మజ్జిగన్నం పెడుతున్నావు. రాత్రి ఏడింటికి భోజనం అయిపోతే మళ్లీ పొద్దున పూజ అయ్యాక తొమ్మిదింటికే టిఫిను. మధ్యలో పద్నాలుగు గంటలు! మనకైతే లివర్ రాత్రికి సరిపడా చక్కెర దాచి ఉంచుతుంది. గట్టిపడిన లివర్ అది దాచలేదు. అందుకని ఒళ్లు తన కండనే కరిగించి వాడుకుంటుంది. ఆయనకి ఒక్క రాత్రి ఖాళీ కడుపంటే మనం రెండు మూడు రోజులు పస్తున్నట్టు. పైగా లివర్ తీయలేని అమ్మోనియా అనే విషాన్ని కొంత కండే తీస్తుంది. కండ పోతే మెదడు మసకబారడం ఎక్కువవుతుంది. మాంసకృత్తులు తింటే మతి తప్పుతుందని ఒకప్పుడు డాక్టర్లే మానిపించేవారు. ఇప్పుడు అలా మానిపించొద్దంటున్నారు.

కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. నీరు పోగా 60 కిలోలనుకుంటే 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో ఆరు, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే, కప్పు అన్నంలో నాలుగే. చారన్నంతో ఎక్కడికొస్తుంది చెప్పు? ముద్దపప్పు పెట్టు, పెసరట్టు వెయ్యి, గుడ్లు ఉడకబెట్టు, ఉప్పు తగ్గించి తాజా చేపల పులుసు చెయ్యి. ఆవకాయ, ఎండుచేపలు మాత్రం వద్దు, ఉప్పుతో నీరు చేరుతుంది. పడుకునే ముందు రెండు ఇడ్లీలు, గ్లాసు పాలు తప్పనిసరి. పొద్దున్న లేవగానే ఏదో ఒకటి తినాలి, పూజ ఆ తర్వాత చేసుకోవచ్చు. దేవుడేమీ అనుకోడు. పసరు మందు ఎవరు తెచ్చిచ్చినా పారబొయ్యి.

ఒక్కసారిగా తినలేరు, పొట్టలో నీరు నొక్కేస్తుంది. కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టు.

ఈసారి కాకినాడ వెళ్లినప్పుడు డాక్టరుగారికి ఈ ఉత్తరం చూపించి, ఎంత నడవచ్చో అడగండి. ఆయన సరేనంటే పొద్దునా సాయంత్రం కాలవగట్టు మీద నడిపించు, తమ్ముడు పక్కనే ఉండాలి. బరువులు ఎత్తనివ్వకు. రాత్రంతా మెలకువగా ఉండి పగలు నిద్రపోతున్నా, మాట తడబడినా, వాంతిలో రక్తం కనిపించినా, విరేచనం నల్లగా అయినా తెల్లారేదాకా ఆగొద్దు, బయల్దేరండి.

చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారో రోజూ క్యాలెండర్ మీద రాయి. ఈరోజు సున్నా అయినా రాయి. ఆదివారం వీడియోకాల్‌లో ఆ కాగితమే నాకు ముందు చూపించాలి. నువ్వూ తిను అమ్మా, ఆయనకి పెట్టేసి పడుకోకు.

నీ కూతురు