వార్షిక నివేదిక: నెల తప్పాక కాదు, ముందే

సభ్యులందరికీ నమస్కారం.

బిడ్డకు మెదడు, వెన్నులో లోపాలు రాకుండా తల్లి వేసుకునే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మీద ఈ ఏడాది నాలుగు సమావేశాలు పెట్టాం. మొదటిదాంట్లోనే మన కరపత్రంలోని తప్పు దొరికిపోయింది. "గర్భం అని తెలియగానే మాత్రలు మొదలుపెట్టండి" అని అచ్చేయించాం. వెనక వరసలోంచి ఒకావిడ లేచి, "అప్పటికి ఆలస్యమైపోదాండీ?" అని అడిగారు. గోడ మీది క్యాలెండర్ తీసి బల్ల మీద పెట్టి లెక్కేశాం. బిడ్డకు మెదడు, వెన్నుపాముగా మారే నాడీ నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పేసరికే అందులో రెండు వారాలు పోతాయి. ఇంకో వారం చూసి టెస్ట్ చేసుకుని, డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఆ గడువు కాస్తా అయిపోతుంది.

మిగిలిన కరపత్రాలు ఆపేశాం. గర్భానికి కనీసం నెల ముందు నుంచి మొదటి మూడు నెలల దాకా రోజుకు 400 మైక్రోగ్రాములు అని కొత్తదాంట్లో రాశాం. ముందు కాన్పులో బిడ్డకు ఈ నాళం సరిగ్గా మూసుకోని లోపం వచ్చినవాళ్లకు ఆ మోతాదు చాలదు, డాక్టరే ఎక్కువ రాస్తారు. అలాంటి తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ ఆధ్వర్యంలో జరిగిన పరిశోధన తేల్చింది.

"అసలు ఈ లోపాలు తగ్గుతున్నాయా?" అన్నది ప్రతిచోటా వచ్చిన ప్రశ్న. ప్రాణంతో పుట్టినవాళ్లనే లెక్కిస్తే మోసపోతాం. స్కానింగ్‌లో లోపం కనబడి గర్భం తీయించుకున్నా ఆ అంకె తగ్గుతుంది. కెనడాలో మృతశిశువులను, తీయించుకున్న గర్భాలను కూడా కలిపి లెక్కేశారు. 1998లో పిండిలో ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి చేశాక వెయ్యి కాన్పులకు 1.58 ఉన్నది 0.86కు దిగింది. సలహాలతో సరిపెట్టుకున్న ఐరోపాలో మాత్రం 1991 నుంచి 2011 దాకా చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. పరిశోధన నడిపించిన బ్రిటన్ పిండి చట్టం చేసింది 2024లో!

మూడో సమావేశం అయ్యాక ఒక తల్లి ఉండిపోయారు. మాత్రలు సక్రమంగానే వేసుకున్నారట, అయినా పాపకు స్పైనా బైఫిడా, అంటే వెన్ను సరిగ్గా మూసుకోని లోపం. ఫోలిక్ యాసిడ్ అన్నిటినీ ఆపలేదు. జన్యువులు, అదుపులో లేని షుగర్, కొన్ని మూర్ఛ మందులు కూడా కారణమవుతాయి. (ఆ మందులు సొంతంగా మానేయకండి.) ఆవిడ తప్పేమీ లేదని మేం ముందు చెప్పాల్సింది, చెప్పలేదు. ఇప్పుడు ప్రతి సమావేశం ఆ మాటతోనే మొదలుపెడుతున్నాం.

వచ్చే ఏడాది కొత్తగా పెళ్లైన జంటలను పిలుస్తాం, మగవాళ్లతో సహా. పాత కరపత్రం నీలంది, కొత్తది పసుపు. నీలం మీ ఇంట్లో ఉంటే చించేయండి.

— కార్యదర్శి