పోచంపల్లి పేరుతో అచ్చేసిన చీరలు: చేనేత మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర చేనేత, జౌళి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను యాదాద్రి భువనగిరి జిల్లాలో మగ్గం మీద బతికే ఇంట్లో పుట్టాను. చేనేత సభ ఎక్కడ జరిగినా వేదిక మీదివాళ్లు నేతన్నలు టెక్నాలజీని అందిపుచ్చుకోవాలంటారు. అందిపుచ్చుకున్నాం సార్. ఇంకా చెప్పాలంటే, మాకు కావాల్సింది మేమే తయారు చేసుకున్నాం.

ఇక్కత్ చీరకు, అంటే దారానికే ముందు రంగులద్ది నేసే మా పోచంపల్లి చీరకు, నేతకంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో వరసగా దిగ్గొట్టిన మేకుల చుట్టూ దారం పట్టుకున్న చేయి అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు, నాలుగైదు గంటల పని. ఇది ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతుంది. మా దగ్గర నడివయసు దాటిన ఏ అమ్మనైనా భుజం ఎలా ఉందని అడిగి చూడండి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు, ఆరో తరగతితో బడి మానేసిన మనిషి, తల్లి లక్ష్మి పడే అవస్థ చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. అదే పని గంటన్నరలో అయిపోతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వచ్చాక కూడా చిటికి కట్టేది (రంగు అంటకూడని చోట దారాన్ని బిగించి కట్టేది), రంగు అద్దేది, నేసేది మనిషే. అందుకే దానికి మావాళ్లు భయపడలేదు.

మాకు టెన్షన్ పెడుతున్నది ఇంకో యంత్రం. డిజైన్‌ను గ్రాఫ్ కాగితం మీద గీసుకుని, దాని ప్రకారం దారాన్ని సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో కట్టి, ఒక్కో రంగుకూ విప్పి మళ్లీ కట్టి, మగ్గం ఎక్కించేసరికే రోజులకు రోజులు గడిచిపోతాయి. ఆ చీర షోరూముకు చేరాక ఎవరో సెల్‌ఫోనుతో ఫొటో తీస్తారు. ఆ ఫొటోను కంప్యూటర్లో సరిచేసి డిజిటల్ ప్రింటింగ్ యంత్రానికి ఇస్తే, పాలిస్టర్ గుడ్డ మీద అదే డిజైన్ తానులకు తానులు దిగుతుంది. ఇక్కత్‌లో పువ్వు అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది, దారానికే రంగు వేస్తాం కాబట్టి. ఆ చెదురును కూడా ఉన్నదున్నట్టు అచ్చేస్తున్నారు! హైదరాబాద్‌లో ఒక షాపులో ఇలాంటి చీరను ‘పోచంపల్లి’ అనే అమ్ముతుంటే, మడత విప్పి వెనకవైపు చూపించాను. అక్కడ రంగు వెలిసినట్టు ఉంది. అసలు ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అమ్మే కుర్రాడు నవ్వి, ‘ఆరొందలకు ఇంతకంటే ఏమొస్తుంది అన్నా’ అన్నాడు. అతన్ని తప్పుపట్టను. ఆ ధరకు కొనుక్కునే ఆడపడుచునూ తప్పుపట్టను. ప్రింటు చీరను ప్రింటు చీరగా అమ్మితే మాకేం పేచీ లేదు.

చట్టం లేదా అంటే ఉంది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం ఇప్పుడు 11 రకాల బట్టలను చేతిమగ్గానికే కేటాయించింది. అయితే అది మరమగ్గాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినది, ఈ ప్రింటింగ్ యంత్రాల ఊసు అప్పటికి లేదు. ఒక ఊరి సరుకు పేరును కాపాడే భౌగోళిక గుర్తింపు (జీఐ) చట్టం ప్రకారం ఆ పేరును దొంగిలిస్తే కనీసం ఆరు నెలల జైలు. పోచంపల్లి ఇక్కత్‌కు ఆ గుర్తింపు వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. కానీ ఆ చట్టం కింద అధీకృత వాడకందారుగా, అంటే ఆ పేరు వాడుకునే హక్కున్నవాళ్లుగా, ఎవరి పేరు వాళ్లు నమోదు చేయించుకోవాలి. ఆ దరఖాస్తు ఎక్కడ పెట్టాలో మా వీధిలో సగం మందికి తెలియదు. ఏ మగ్గం ఎక్కడుందో నమోదు చేసే జియో ట్యాగింగ్ కోసం ఇంటింటికీ తిరిగారు కదా, ఆ జాబితా పట్టుకునే ఈ నమోదు కూడా ప్రభుత్వమే చేయించలేదా?

ఇంకోటి. ఎన్‌ఫోర్స్‌మెంట్ సిబ్బంది మరమగ్గాల షెడ్లకే పరిమితం కాకుండా బట్టల షాపుల్లో, ఆన్‌లైన్ అమ్మకాల్లో ‘పోచంపల్లి’ అని రాసిన సరుకును తనిఖీ చేయాలి. ప్రింటు చీర మీద ‘ప్రింటు’ అని కొనేవాళ్లకు కనపడేంత అక్షరాలతో ఉండేలా కేంద్రానికి రాయండి. కొత్త డిజైన్లకు రక్షణ తీసుకోవడానికి డిజైన్ల చట్టం ఉంది. ఫీజు, కాగితాల పని సొసైటీల తరఫున మీ శాఖ భరిస్తే కుర్రాళ్లు ధైర్యంగా కొత్తవి గీస్తారు.

ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం. శాలువాలు ఈసారి కాస్త తగ్గినా ఫర్వాలేదు, ఆ రోజుకల్లా తనిఖీ ఉత్తర్వు ఇప్పించండి. ఏది నేసిందో, ఏది అచ్చేసిందో మీ అధికారులకు చూపించడానికి మావాళ్లు సొంత ఖర్చులతో వస్తారు.

భవదీయుడు,
ఒక నేత కుటుంబీకుడు