టీవీ కాలమ్‌లో సినిమాలతో పాటు పిల్లల కార్యక్రమాలూ వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో రోజూ వచ్చే టీవీ కాలమ్ మా ఇంట్లో అందరం చూస్తాం. ఏ చానల్లో ఏ సినిమా ఎన్నింటికి వస్తుందో పొద్దున్నించి అర్ధరాత్రి దాకా ఉంటుంది, బాగానే ఉంది, కానీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేది, నాలుగు విషయాలు తెలిసేది ఏమైనా ఉందా అని వెతికితే ఒక్క లైను కూడా కనిపించదు. దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి ఉన్నాయి, తెలంగాణ ప్రభుత్వ పాఠాల చానల్ టీ-సాట్ విద్య ఉంది, కేంద్రం వాళ్లు పీఎం ఈ-విద్య కింద తరగతికో చానల్ పెట్టారు. వాటిలో ఎప్పుడు ఏముందో తెలియకపోతే రిమోట్ పట్టుకుని ఎవరు వెతుకుతారండీ?

కరోనాకి బడులు మూసేసినప్పుడు 2020 సెప్టెంబర్ 1 నుంచి యాదగిరిలో, టీ-సాట్‌లో పాఠాలు చెప్పారు కదా. టైంటేబుల్ ముందే తెలిసేది కాబట్టి మా అమ్మాయి టైముకి నోట్సు పట్టుకుని కూర్చునేది. ఒకరోజు నేలల పాఠం. నల్లరేగడిలో తేమ ఎక్కువసేపు నిలుస్తుంది, అందుకే పత్తికి మంచిదని టీచరమ్మ చెబుతుంటే మంచం మీదున్న మా మామయ్య లేచి వచ్చి, ఎండాకాలం అదే నేల ఎట్లా నెర్రెలు బారుతుందో, వానపడగానే ఎట్లా ఉబ్బి అవి మూసుకుపోతాయో, బురదలో నాగలి ఎట్లా దిగబడుతుందో చెప్పడం మొదలుపెట్టాడు. పాఠం అయిపోయినా వాళ్లిద్దరి మాటలు అవలేదు. ఇంట్లో పెద్దవాళ్లకి తెలిసింది పిల్లలకి చేరాలంటే ఇలాంటి వంక ఒకటి కావాలి, ఫోన్‌లో ఎవరి వీడియో వాళ్లు చూసుకుంటే అది జరగదు.

అలాగని అన్నీ పాఠాలే ఉండాలని కాదు నేననేది. మా చిన్నప్పుడు దూరదర్శన్‌లో మన దేశ సంస్కృతి మీద వేసే 'సురభి' కార్యక్రమం హిందీలో వచ్చినా ఇంటిల్లిపాదీ చూసేవాళ్లం, ప్రశ్నకి జవాబు రాసి కార్డు పోస్టు చేసేదాకా నిద్రపట్టేది కాదు. ఇక 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా'లో పిల్లలు పాడాక బాలు గారు ఆ పాట ఎవరు రాశారు, బాణీ ఎవరిది, ఏ మాట సరిగ్గా పలకలేదు అని ఎంత ప్రేమగా చెప్పేవారో! సంగీతం రాని మాలాంటి వాళ్లకి కూడా పాట వినడం నేర్పిన కార్యక్రమం అది.

ఇప్పుడు పిల్లల పేరుతో వచ్చే డ్యాన్సు షోలు చూస్తే బాధగా ఉంటుంది, పెద్దవాళ్ల పాటలకి ఆ చిన్నపిల్లలతో ఆ స్టెప్పులేంటి? పిల్లలకి మంచి కార్యక్రమాలు చేసేవాళ్లు లేక కాదు, దేశమంతా చూసిన ఛోటా భీమ్ తయారైంది హైదరాబాద్‌లోనే. 1975లోనే ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకి, అందులో మన రాష్ట్రంలోని ఊళ్లకి కూడా, పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం ఊరందరికీ కార్యక్రమాలు చూపించారు. ఇంటింటికీ టీవీ ఉన్న ఈ రోజుల్లో మన చానళ్లు ఆదివారం ఒక అరగంట ఇవ్వలేవా?

చానళ్ల సంగతి మీ చేతుల్లో లేదు, ఒప్పుకుంటాను. కాలమ్ మాత్రం మీదే. రోజూ వేయడం కుదరకపోతే ఆదివారం పేపర్లో వారం మొత్తానికి, చానల్ పేరు, టైము, ఏ వయసు పిల్లలకో రాసి ఒక చిన్న బాక్సు వేయండి. దాన్ని కత్తిరించి టీవీ పక్కన అంటించుకునే ఇళ్లు మాది కాక ఇంకా చాలానే ఉంటాయి.

– ఒక పాఠకురాలు, ఆదిలాబాద్